యుద్ధమునకు పోవలసిన వంతు ఎవరిది?

(ఒక పట్టణ పఠనమందిర వార్షికసభయందు గావింపబడిన ఉపన్యాస పాఠము)



ఈ పఠనమందిరమునకు ప్రతిదినము సాయంకాలము వచ్చి పత్రికలు చదువువారిలో నొక పెద్దవారు కొన్నినాళ్ల క్రిందట నన్నొక ప్రశ్న యడిగిరి. “ఫలానా దేశమునకు ఇన్ని వేలమంది సైనికులను పంపిరని పత్రికలు వ్రాయుచున్నవి గదా. లక్షలకొలది జనమున్న సేనలో ఆ వేలమందియే యేల పోవలెను? తక్కినవారేల ఇండ్లయొద్ద నుండవలెను? పేరుపెట్టి పిలుచువారెవరు? ఆ పిలుపునకు ధర్మమేదైన నున్నదా, లేక అదృష్టమేనా?” అని. అప్పుడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోయితిని. ఇంటికిపోయి ఆలోచించినకొలదియు ఆ ప్రశ్న సైన్యమును గూర్చినది మాత్రమే కాదనియు, మనవంటి పౌరులను గూర్చినది కూడననియు నాకు తోచెను. నేటి యీ ఉపన్యాసము ఆ పెద్దవారికి నేను బాకీపడిన సమాధానము.

ముందుగా మన గడ్డమీద జరిగిన యొక సంగతిని జ్ఞప్తికి దెచ్చెదను. 1780వ సంవత్సరమున హైదరాలీ కర్ణాటకముపై దండెత్తగా, చెన్నపట్టణమునకు సాయము పంపుటకై ఈస్టిండియా కంపెనీవారు ఉత్తర సర్కారుల సిపాయిలను కొందరిని విశాఖపట్టణమున ఓడ యెక్కుమని ఆజ్ఞాపించిరి. అక్టోబరు 3వ తేదీన ఆ సిపాయిలు ఓడ యెక్కమనిరి. నిరాకరణము తిరుగుబాటయ్యెను. తుపాకులు ప్రేలెను. ఆంగ్లేయులు కొందరు హతులైరి. కంపెనీవారు ఆ తిరుగుబాటు నణచివేసిరి. ఆ సిపాయిలనే యేల యెన్నుకొనిరో, ఎంతకాలమునకు పంపుచుండిరో, తిరిగి యెన్నడు తీసికొనివత్తురో, వారి సమ్మతితో కంపెనీకి పనియే లేకపోయెను. యజమాని పొమ్మనెను, నౌకరు పోవలెను. అప్పటి పద్ధతి అదియే.

ఆ పద్ధతిని తరువాత శాసనముగా చేసిరి. 1856వ సంవత్సరపు శాసనము ననుసరించి బంగాళా సేనలో క్రొత్తగా చేరు ప్రతి సిపాయియు సముద్రము దాటియైనను, ఎచ్చటికి పొమ్మన్న నచ్చటికి పోవుటకు ఒడబడవలసివచ్చెను. మఱుసటి సంవత్సరము చెలరేగిన మహావిప్లవమునకు గల కారణములలో దీనిని కూడ చరిత్రకారులు లెక్కించుచున్నారు. 1939లో భారత సైనికులను ఈజిప్టు, ఏడెను, సింగపూరులకు పంపినపుడు కేంద్ర శాసనసభ యనుమతిని ప్రభుత్వమువారు కోరలేదు. దానికి నిరసనగా, కాంగ్రెసు సభ్యులు సభ యొక్క తరువాతి సమావేశమునకు పోరాదని ఆగస్టు మాసమున కార్యనిర్వాహకవర్గము తీర్మానించెను. సెప్టెంబరు 3వ తేదీన రాజప్రతినిధి లిన్‌లిత్‌గో, దేశప్రజల ప్రతినిధులలో నొక్కరినైన సంప్రతింపక, భారతదేశము యుద్ధమున నున్నదని ప్రకటించెను. కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా లిచ్చినవి. ఆ యుద్ధము ముగియునాటికి 25 లక్షలకు పైబడిన భారతీయులు సైన్యమున పనిచేసియుండిరి.

పరాధీనులమై యున్నపుడు ఈ ప్రశ్నకు సమాధానము సులభము: పరాయివాడు పంపెను, మనవాడు పోయెను, దోషము పరాయివానిది. స్వతంత్రులమైన పిమ్మట ఆ సులభమైన సమాధానము మనకు దక్కదు. తమ్ము తామే యేలుకొను ప్రజలు తమ సైనికుల నెట్లు ఎన్నుకొని యుద్ధభూమికి పంపుచున్నారు? దీనిని పరిశీలించుటకు నేను అమెరికా సంయుక్తరాష్ట్రముల నుదాహరణముగా గైకొనుచున్నాను. కారణములు రెండు. గడచిన నూఱేండ్లలో ఆ దేశమువలె తఱచుగా దూరదేశములకు సేనలను పంపిన ప్రజారాజ్యము వేఱొకటి లేదు. ఎవరిని పంపవలెనన్న విషయమున వారు చేసిన నియమములును, వానిలోని లోపములును అచ్చటనే బహిరంగముగ చర్చింపబడి, వ్రాతలో నిలిచియున్నవి. కనుక వారి మంచినుండియు, వారి తప్పునుండియు మనము నేర్చుకొనవచ్చును.

మన పల్లెలలో చెఱువునీటికి వంతు లుండుట మీ రెఱుగుదురు. నీరటికాడు తూము తీసి, ఈ రాత్రి ఈ మడికి, ఱేపు ఆ మడికి అని పంచును. నీరు చాలక పైరు ఎండినను రైతు ఓర్చుకొనును. కాని తన వంతు రాత్రికిరాత్రి వేఱొకనికి పోయినదని తెలిసిన ఓర్చుకొనడు. కష్టముకంటె అన్యాయము మనుష్యుని యెక్కువగా బాధించును. నీటి వంతునకే ఇట్లుండగా, ప్రాణముల వంతునకు వేఱుగ చెప్పవలెనా?

రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికావారీ సత్యమును గ్రహించిరి. 1945 మే నెలలో ఐరోపాలో యుద్ధము ముగిసెను. ఎవరిని ముందుగా ఇంటికి పంపవలెను? ఎవరిని ఇంకను నిలిపి జపానుపైకి నడపవలెను? వారొక లెక్క యేర్పఱచిరి. సేనలో గడపిన నెలకు ఒక గుణము, సముద్రము దాటి గడపిన నెలకు మఱియొక గుణము, పాల్గొన్న దండయాత్రకు గాని పొందిన పతకమునకు గాని ఐదు గుణములు, ముగ్గురు బిడ్డలవఱకు ఒక్కొక్క బిడ్డకు పండ్రెండు గుణములు. మొత్తము 85 వచ్చినవాడు ఇంటికి పోవుట కర్హుడు. మూడేండ్లు కొలువు చేసి, అందు ఏడాదిన్నర విదేశమున గడపి, నాలుగు దండయాత్రలలో పాల్గొని, ఒక్క బిడ్డగల సైనికునికి 86 గుణములు వచ్చును, వానికి విముక్తి. ఈ లెక్కను చేయుటకు ముందు వారు సామాన్య సైనికుల నడిగి, ఏది న్యాయమని తోచుచున్నదో తెలిసికొనిరి. లోపములు లేకపోలేదు, 84 గుణములవాని దుఃఖమును ఏ లెక్కయు తీర్పదు. అయినను ప్రతి సైనికుడును కాగితముపై తన వంతును తానే లెక్కవేసికొనగలిగెను. నియమ మనగా నదియే.

ఆ యుద్ధకాలముననే మఱియొక నియమమునకు బీజము పడినది. 1942 నవంబరులో గ్వాడల్‌కనాల్ ద్వీపమువద్ద ‘జూనో’ అను యుద్ధనౌక మునిగినపుడు అయోవా రాష్ట్రమునకు చెందిన సల్లివాన్ సోదరులు ఐదుగురును, ఒకే తల్లి బిడ్డలు, మరణించిరి. ఒకే గడప ఇన్ని ప్రాణముల నీయవలెనా యని దేశము విలపించెను. 1948లో చేసిన శాసనము, సైనికసేవలో తోబుట్టువులను పోగొట్టుకొని యొంటరిగా మిగిలిన కుమారుని నిర్బంధ సేవనుండి తప్పించెను. వంతు వేయునపుడు మనిషిని మాత్రమే కాక, అతని వెనుకనున్న ఇంటిని కూడ చూడవలెనన్న ధర్మము అట్లు శాసనమున కెక్కినది.

కాని వియత్నాము యుద్ధము వచ్చునప్పటికి ఈ ధర్మము కుంటుపడినది. నిర్బంధ సేవకు యువకులను పిలుచు అధికారము ఊరూరనున్న స్థానిక మండలుల చేతిలో నుండెను. కళాశాలలో చదువువానికి వాయిదా. కొన్ని వృత్తులలోని వానికి వాయిదా. మంచి వైద్యుని ధ్రువపత్రము తేగలవానికి మినహాయింపు. ధనమును విద్యయు గలవాడు తప్పించుకొనుటకు త్రోవలనేక ముండెను. కూలివాని కొడుకునకు, చిన్న పట్టణపు బడి విడిచిన పిల్లవానికి ఆ త్రోవలు తెలియవు. చదువుకొన్నవారి వీధులలో యుద్ధము ఒక చర్చగా నుండగా, చదువులేనివారి వీధులలో నది శవపేటికగా వచ్చెను.

ఈ యన్యాయముపై అలజడి రేగగా 1969 డిసెంబరు 1వ తేదీన చీట్లు వేసిరి. సంవత్సరమునందలి తేదీలు 366 చీట్లపై వ్రాసి, నీలిరంగు గొట్టములలో నుంచి, గాజు జాడీలో పోసి, ఒక్కొక్కటిగా తీసిరి. మొదట వచ్చినది సెప్టెంబరు 14. ఆ దినమున పుట్టినవారు ముందుగా పోవలెను. దేశమంతయు ఆ దృశ్యమును టెలివిజనులో చూచెను. చీటీకి పక్షపాతము లేదని యందఱును తలచిరి. కాని గణితజ్ఞులు పరిశీలింపగా, సంవత్సరాంతపు నెలలలో పుట్టినవారికి చిన్న సంఖ్యలు ఎక్కువగా పడినట్లు తేలెను. నెలల వరుసను పోసిన గొట్టములను చక్కగా కలుపకపోవుటయే దీనికి కారణమని వారు చెప్పిరి. మఱుసటి సంవత్సరము ఆ పద్ధతిని సవరించిరి. ఇందొక గుణపాఠమున్నది. చీటీ యైనను, కలుపుచేయి చక్కగా కలిపినగాని న్యాయము కాదు. ఆ చేతిని చూచుచుండు కన్నులు వేలకొలది యుండుటచేతనే ఆ తప్పు బయటపడినది.

పిలిచిన పిమ్మట పంపుటలో మఱియొక చిక్కు కలిగెను. ఆ యుద్ధమున దళములకు దళములను మార్చక, సైనికుల నొక్కొక్కరినిగా మార్చుచుండిరి. సామాన్యముగ ఒక్కొక్కరికి పండ్రెండు నెలల గడువు. చూచుటకు ఇది మిక్కిలి న్యాయము. కాని క్రొత్తగా వచ్చినవాడు ముఖమెఱుగనివారి నడుమ అడవిలో నిలువవలసివచ్చెను. పని నేర్చుకొనునప్పటికి ఇంటికిపోవు దినము వచ్చును. దళాధిపతులు అనేకులు ఆఱునెలలకే మారుచుండిరి. దళము దళముగా నుండుట మాని, దారిన పోవువారు దిగు సత్రమువలె నయ్యెను. మనిషికి న్యాయముచేయబోయి దళమును బలహీనపఱచిరి. ఈ రెంటి నడుమ సమతూకము కుదుర్చుటయే సైనికశాఖల నేటి సమస్యలలో మొదటిది.

1973లో నిర్బంధ సేవ ముగిసెను. అప్పటినుండి ఇష్టపడి చేరినవారితోనే ఆ సేన నడచుచున్నది. అదే కాలమున జనరల్ ఏబ్రమ్స్ ప్రభృతులు సేనను మఱియొక రీతిగా కూర్చిరి. రవాణా, వైద్యము మొదలగు అవసరమైన పనులలో చాలభాగమును, సాధారణ దినములలో తమ తమ వృత్తులలో నుండు రిజర్వు దళములకు, రాష్ట్రముల నేషనల్ గార్డునకు అప్పగించిరి. తత్ఫలితముగా, పెద్ద యుద్ధమేదైన చేయదలచిన ప్రభుత్వము ఊరి పోలీసువానిని, బడిపంతులును, బస్సు నడుపువానిని కూడ పిలువవలెను. అట్లు పిలిచినపుడు ఊరు మేల్కొనును. 1990-91 సంవత్సరములలో కువాయిటు యుద్ధమునకు రెండు లక్షలకు పైగా రిజర్వువారిని పిలిచిరి.

ఇక ఇరాకు, ఆఫ్ఘనిస్థానముల యుద్ధకాలమున ఈ యెన్నిక యెట్లు జరిగెనో చెప్పెదను. ఆ పెద్దవారి ప్రశ్నకు అసలు సమాధాన మిచ్చట నున్నది. దీని నొక నిచ్చెనగా భావింపుడు. పై మెట్టున దేశాధ్యక్షుడును, కాంగ్రెసు సభలును. యుద్ధము చేయవలెనా యనునది వారి నిర్ణయము. రెండవ మెట్టున ఆ ప్రాంతమునకు బాధ్యుడైన సర్వసేనాని. అతడు ‘ఫలానావారిని పంపుడు’ అని అడుగడు. ‘ఇట్టి పని చేయగల దళములు ఇన్ని, ఇంతకాలమునకు కావలెను’ అని అడుగును. మూడవ మెట్టున, రాజధానియందలి సేనానాయకుల ఉమ్మడి కార్యాలయము. వారు భూసేనను, నౌకాసేనను, వాయుసేనను, మెరైనులను విచారించి, ఎవరియొద్ద అట్టి దళములున్నవి, వారికి ముందే అప్పగింపబడిన పను లేవి, తీసినచో అచ్చట కలుగు ముప్పేమి యని తర్కించి ఒక పట్టిక తయారుచేయుదురు. నాలుగవది సంతకము. ఆజ్ఞల పుస్తక మొకటి రక్షణశాఖ కార్యదర్శి యెదుటికి వచ్చును. సైనికోద్యోగియే కాని యా పౌరమంత్రి సంతకము చేసినగాని ఒక్క దళమైన కదలరాదు.

ఐదవ మెట్టున, ఆ శాఖవారు దళము నెన్నుకొందురు. మనుష్యులు తగినందఱున్నారా, సామగ్రి యున్నదా, ఆ సామగ్రి పనిచేయు స్థితిలో నున్నదా, శిక్షణ ముగిసినదా యను నాలుగు విషయములలో ప్రతి దళమునకును నియమిత కాలమున అంచనా వేయుచుండిరి. 2006 ప్రాంతమున అమెరికా భూసేనవారు ఒక చక్రమును పెట్టిరి. యుద్ధమునుండి వచ్చిన దళము మొదట సేద దీర్చుకొని పునర్నిర్మాణము పొందవలెను. పిమ్మట శిక్షణ పొందవలెను. ఆ తరువాత పిలుపునకు సిద్ధముగ నుండవలెను. ఈ చక్రము తిరుగుచు ఎవరి వంతునకు వచ్చినదో వారు పోవలెను. కనుక మహాశయులారా, సైనికుని పేరుపెట్టి పిలుచువారు సామాన్యముగ ఎవరును లేరు. పిలువబడునది దళము. అతడు ఆ దళమున నుండుటయే అతని వంతు.

ఆఱవది, కడపటిది యగు మెట్టున మాత్రమే మనిషి కనబడును. దళము పోవునపుడు అందున్నవారందఱును పోరు. వైద్యుడు పరీక్షించును, దంతవైద్యుడు కూడ పరీక్షించును. పంటినొప్పి యేమి పెద్దదని నవ్వకుడు. ఎడారినడుమ పన్ను వాచినవానిని వెనుకకు మోసికొనివచ్చుటకు విమానము కావలెను. కనుక చెడిన పంటిని బాగుచేయించుకొననివానిని పంపరు. పదునెనిమిదేండ్లు నిండనివానిని పోరునకు పంపరు. ప్రసవించిన తల్లికి కొన్ని నెలల గడువుండును. తానొక్కరే బిడ్డలను పెంచువారును, భార్యాభర్తలిరువురును సైన్యముననే యున్నవారును, తాము పోయినచో బిడ్డల నెవరు చూతురో ముందుగనే కాగితముపై వ్రాసి యీయవలెను; వ్రాయలేనివారు కొలువునే విడువవలసి రావచ్చును. సల్లివాన్ సోదరుల కాలమునుండి వచ్చిన మినహాయింపును కోరుకొనువారు తామే దరఖాస్తు పెట్టుకొనవలెను. ఇట్లు జల్లెడపట్టగా కలిగిన ఖాళీలను వేఱొక దళమునుండి మనుష్యులను తెచ్చి నింపుదురు. అంతట ఆ రెండవ దళమునకు వంతు వచ్చునప్పటికి అందును ఖాళీలే. ఒక అరువును తీర్చుటకు మఱియొక అరువు! పనికిరానివారి సంఖ్య పెరుగుచున్నదని తలచి, పండ్రెండు నెలలకు మించి పోజాలని స్థితిలో నున్నవారిని కొలువున నుంచవలెనా వలదా యని విచారింపవలెనని 2018లో నియమము చేసిరి.

ఇంతవఱకు విన్నపుడు, ఇది చక్కని యంత్రము, ఇందు తప్పేమున్నది యని మీకు తోచవచ్చును. నియమము మంచిదే. నియమమునకు మించిన బరువు దానిపై పెట్టినపు డేమగునో చూడుడు. ఒక యేడు యుద్ధభూమిలో గడపినవానికి రెండేండ్లు ఇల్లు, రిజర్వువానికి ఐదేండ్లు ఇల్లు ఉండవలెనని 2007లో లక్ష్యము చెప్పుకొనిరి. ఆ సంవత్సరముననే, ఏప్రిలులో, చాలినన్ని దళములు లేకపోవుటచే, క్రమ భూసేనలోని వారి గడువును పండ్రెండు నెలలనుండి పదునైదు నెలలకు పొడిగించిరి. అనగా పదునైదు నెలలు యుద్ధము, పండ్రెండు నెలలు ఇల్లు, మరల యుద్ధము. వ్రాసిన లెక్క ఒకటికి రెండు. జరిగిన లెక్క ఒకటికి ఒకటియైన కాదు. మఱుసటి సంవత్సరము ఆగస్టునుండి పోవువారికి గాని మరల పండ్రెండు నెలల గడువు రాలేదు.

అంతకంటె కఠినమైనది మఱియొకటి. తన ఒడంబడిక కాలము ముగిసి, ఇంటికి పోవుటకు సిద్ధముగా నున్న సైనికుని, అతని దళము పోవుచున్నదన్న కారణమున, బలవంతముగ నిలిపి కొనిపోయిరి. కొలువు విడిచి క్రమసేనతో సంబంధము లేక బ్రతుకుచున్నవారికిని ఎనిమిదేండ్ల మొత్తపు ఒడంబడికలో మిగిలిన భాగమును జ్ఞాపకముచేసి, 2004లో 5,600 మందిని మరల పిలువనున్నట్లు ప్రకటించిరి. అంతయు ఒడంబడికలోని సన్నని యక్షరములలో నున్నదే, చట్టవిరుద్ధము కాదు. కాని నిర్బంధ సేవ ముగిసినదని చెప్పుకొన్న దేశమున, దొడ్డిదారిన మరల నిర్బంధము వచ్చినదని పలువురు విమర్శించిరి. తుదకు 2009లో ఈ నిలుపుదలను క్రమముగా మానుదుమని ప్రకటించి, అట్లు నిలుపబడినవారికి నెలకు 500 డాలరుల చొప్పున పరిహారమీయ కాంగ్రెసువా రంగీకరించిరి. పరిహార మిచ్చుటయే తప్పు నొప్పుకొనుట గదా!

ఇంకొకటి వినుడు. వంతు అందఱికి సమముగ రాలేదు. బాంబులను నిర్వీర్యముచేయువారు, సైనిక పోలీసులు, పరదేశ ప్రజలతో వ్యవహరింప నేర్చినవారు మొదలగు కొన్ని విద్యలవారు కొద్దిమందియే యుండిరి. వారి యవసరము నిత్యము. కావున వారి దళములే మరల మరల పిలువబడెను. దున్నే ఎద్దునే పొడుతురని మన సామెత. పని తెలియుటయే వారికి శిక్షయైనది. అధ్యక్షుడును, సేనానులును దుర్మార్గులగుటచే నిట్లు జరిగెనని నేననను. ప్రతి మెట్టునను నున్నవాడు తన మెట్టునకు తగిన లెక్కను సరిగానే వేసియుండవచ్చును. కాని పై మెట్టున చేసిన పెద్ద నిర్ణయమునకు తగిన మనుష్యులు లేనపుడు, ఆ లోటంతయు జాఱి జాఱి కడపటి మెట్టుననున్న సైనికుని వీపుపై పడును. నేటి నా ఉపన్యాసమున నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. ఎవరు పోవలెనన్న ప్రశ్న క్రింది మెట్టున తీరునది కాదు. అది పై మెట్టుననే, మన కండ్లయెదుటనే తీరవలెను.

దీనికి రెండాక్షేపణలు కలవు. మొదటిది: “వారు ఇష్టపడి చేరినవారే గదా, ఎచ్చటికి పొమ్మన్న పోవుదుమని సంతకము చేసినవారే గదా” అని. నిజమే. కాని సైనికుడు దేశమును నమ్మి సంతకము చేసినాడు. తనను వృథాగా పంపరనియు, వంతు తప్పించి పంపరనియు, ఇచ్చిన గడువును దాటించరనియు నమ్మినాడు. ఎదుటివాడు నోరెత్తనని మాటయిచ్చినపుడు, వాని పక్షమున మాటలాడవలసిన బాధ్యత వినువానికి రెట్టింపగును. ఆజ్ఞను ప్రశ్నించుట సైనికునికి తగదు; కనుకనే ప్రశ్నించుట పౌరునికి విధి.

రెండవది: “యుద్ధవిషయములు రహస్యములు, బజారున చర్చింపదగవు” అని. దళము ఏ త్రోవన పోవునో, ఏ దినమున చేరునో రహస్యము కావచ్చును. ఎంతకాల ముంచుదురు, తిరిగివచ్చినవారి కెంత విశ్రాంతి నిత్తురు, ఏ కారణములచే మినహాయింతురు అను నియమములు రహస్యములు కావు. శత్రువునకు దాచవలసినదానిని స్వజనమునకు దాచుట కొక నెపముగా చేసికొనరాదు.

పై మెట్టున పౌరుల ప్రతినిధులు ఏమిచేసిరో కూడ చూతము. వియత్నాము పాఠమును పురస్కరించుకొని 1973లో అమెరికా కాంగ్రెసువారు, అధ్యక్షుడు నిక్సను నిరాకరణమును కూడ త్రోసిపుచ్చి, ఒక శాసనము చేసిరి. దాని ననుసరించి అధ్యక్షుడు సేనలను పోరునకు దింపిన 48 గంటలలో సభలకు తెలుపవలెను. సభల యనుమతి లేనిచో 60 దినములలో విరమింపవలెను. తరువాతి అధ్యక్షులు దీనిని మనస్ఫూర్తిగా పాటించిరని చెప్పజాలము. 2001 సెప్టెంబరులో, న్యూయార్కు, వాషింగ్టనులపై జరిగిన ఘోరకృత్యముల వెనువెంటనే, బలప్రయోగమునకు అనుమతినిచ్చు తీర్మానము ప్రతినిధుల సభలో 420 మంది యనుకూలురతో, ఒక్కరి వ్యతిరేకతతో నెగ్గెను. కాలిఫోర్నియా ప్రతినిధి బార్బరా లీ యను నామె ఆ యొక్కరు. గడువు లేని యనుమతి యీయరాదని యామె వాదము. ఆనాడామె పెక్కు నిందలు పడినది. ఆ చిన్న తీర్మానము నాధారముగ జేసికొని ఒకరి తరువాత ఒకరుగా వచ్చిన అధ్యక్షులు ఇరువదేండ్లు పలు దేశములలో సేనలను నడపిరి. ఆ యేడు పుట్టిన శిశువులు పెరిగి పెద్దవారై సైన్యమున చేరునప్పటికిని ఆఫ్ఘనిస్థానమున యుద్ధము ముగియలేదు. తండ్రి పోయిన యుద్ధమునకే బిడ్డకును వంతు వచ్చెను.

ఇక మన దేశము మాట. 1987లో శ్రీలంకతో ఒప్పందము చేసికొని శాంతిసేనను పంపితిమి. శాంతికని పోయినవారు పోరున చిక్కుకొని, 1990 మార్చిలో తిరిగివచ్చునప్పటికి సుమారు 1,200 మంది మరణించిరి. ఎందులకు, ఎంతకాలమునకు, ఏ ఫలితము వచ్చిన పిమ్మట తిరిగివత్తురను ప్రశ్నలు పోకముందే యెంతవఱకు చర్చించితిమి? 2003లో ఇరాకునకు ఒక డివిజను సేనను పంపుమని అమెరికావారు మనలను కోరిరి. పంపవచ్చునని కొందఱు, పంపరాదని పెక్కురు, పత్రికలలోను, పార్లమెంటు పక్షములలోను, సభలలోను వాదించిరి. ఆ యేడు జులైలో, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన యాదేశము లేనిదే పంపజాలమని మన ప్రభుత్వము ప్రకటించెను. ఆ నిర్ణయమును మెచ్చువారు, మెచ్చనివారు ఉండవచ్చును. కాని నిర్ణయమునకు ముందు వాదము జరిగినది. ఓడ కదలకముందే ప్రజలు మాటలాడిరి. 1780కిని 2003కిని గల భేదమిదియే. స్వరాజ్యమనగా నిది కూడ నొకటి.

కావున సోదరులారా, ఇకపై పత్రికలో ‘ఇన్ని వేలమందిని పంపిరి’ అను వార్తను చదివినపుడు సంఖ్యను చూచి పుట త్రిప్పకుడు. నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. ఎవరి యనుమతితో పంపిరి? ఎంతకాలమునకు పంపిరి? పోయివచ్చినవారినే మరల పంపుచున్నారా? వారి యిండ్ల నెవరు చూచుచున్నారు? ఈ ప్రశ్నలను మన ప్రతినిధుల నడుగుడు, జాబులు వ్రాయుడు, సభలలో నిలదీయుడు. ఇది సైన్యముపై అవిశ్వాసము కాదు, సైనికునిపై గౌరవము. జెండాలూపి సాగనంపుట సులభము. వాని వంతు న్యాయముగా వచ్చినదా యని విచారించుట కష్టము. దేశభక్తికి గీటురాయి కష్టమైన పనియే.

నన్ను ప్రశ్న యడిగిన పెద్దవారు ఈ సభలో ముందువరుసనే కూర్చుండియున్నారు. అయ్యా, ‘పేరుపెట్టి పిలుచునది ఎవరు?’ అని మీ రడిగితిరి. నిచ్చెన మెట్లన్నియు ఎక్కిచూచితిని. దళాధిపతి పిలువలేదు, దళమును పిలిచిరి. సేనాని పిలువలేదు, అడిగినాడు. మంత్రి పిలువలేదు, సంతకము చేసినాడు. ఆ మంత్రిని అచ్చట కూర్చుండబెట్టినవారెవరని చూడగా, ఓటుపెట్టెయొద్ద వరుసలో నిలిచిన మీరును, నేనును కనబడితిమి. నీటికి వంతు వేయునపుడు గట్టుపై నిలిచి చూచు ఊరివలె, ప్రాణములకు వంతు వేయునపుడు దేశము మేలుకొని చూచుచుండవలెను. చూడనిచో, ఆ వంతు తప్పుటలో మనకును పాలున్నది.